తలకు దెబ్బ తగిలి కళ్లు తెరిచినా పలకట్లేదు, కోలుకుంటారా?

అనకాపల్లి దగ్గర బైక్ యాక్సిడెంట్ అయి 19 రోజులైంది, బావగారు కళ్లు తెరుస్తున్నారు గానీ ఎవర్నీ గుర్తుపట్టట్లేదు, డాక్టరుగారు వెజిటేటివ్ స్టేట్ (కళ్లు తెరిచినా స్పృహ లేని స్థితి) అన్నారు, లేస్తారో లేవరో ముందే చెప్పే టెస్ట్ ఉందా, ఇంటికి తెచ్చేయమంటున్న పెద్దవాళ్లకి ఏం చెప్పాలి అని అడిగారు. సూటిగా చెప్తాను. అలా ఒక్కసారికే తేల్చేసే టెస్ట్ లేదండి. 19వ రోజున "ఇక లాభం లేదు" అని ఎవరైనా ఖాయంగా అంటే నమ్మకండి. "నెలలో నడిచొచ్చేస్తారు" అన్నవాళ్లనీ నమ్మకండి.

నేను డాక్టర్ని కాదు. మా తమ్ముడు నైట్ షిఫ్ట్ దిగి వస్తూ లంకెలపాలెం, కూర్మన్నపాలెం మధ్య హైవే మీద పడిపోయాడు. ఆపరేషన్, వెంటిలేటర్, ఊపిరి కోసం మెడ దగ్గర గొట్టం పెట్టే ట్రాకియాస్టమీ, ముక్కులోంచి ఆహారం ఎక్కించే రైల్స్ ట్యూబు, అన్నీ చూశాం. మొదట చేర్చిన చోట వారం తిరక్కుండానే "ఖర్చు తప్ప ఫలితం ఉండదు, ఆలోచించుకోండి" అన్నారు. మా అమ్మ ఆ మాటకి అక్కడే కారిడార్‌లో కూలబడిపోయింది. అందుకే మీ ప్రశ్న చూసి ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మొదటి రోజుల్లో డాక్టర్లు అంచనా వేసేది ముఖ్యంగా నాలుగైదు విషయాల మీద: వయసు, నొప్పి కలిగిస్తే చేతులు ఎలా కదులుతున్నాయి, కంట్లో లైటు వేస్తే పాప ముడుచుకుంటోందా, సీటీలో రక్తం ఎక్కడ, ఎంత ఉంది, బీపీ, ఆక్సిజన్ పడిపోయాయా. వీటితో లెక్కగట్టే క్రాష్, ఇంపాక్ట్ అనే పద్ధతులున్నాయి. క్రాష్ లెక్క పది వేల మందికి పైగా పేషెంట్ల వివరాల మీద కట్టింది. అవి పనికిమాలినవి కావు. కాకపోతే అవి చెప్పేది "ఇలాంటి వంద మందిలో ఇంతమంది" అని. ఆ వందలో మీ బావగారు ఎటువైపో అవి చెప్పలేవు.

ఫైలులో జీసీఎస్ అని ఉంటుంది చూడండి, స్పృహ ఎంతుందో కొలిచే స్కోరు, 3 నుంచి 15 దాకా. మొత్తం అంకె కన్నా మోటార్ స్కోరు, అంటే ఎం పక్కన ఉన్న అంకె అడగండి. కళ్లు తెరిచినందుకే మొత్తం స్కోరు పెరుగుతుంది, లోపల తెలివి ఉన్నా లేకపోయినా. గొట్టం ఉన్నప్పుడు మాట స్కోరు ఎలాగూ రాదు. ఎం4 అంటే నొప్పికి చెయ్యి వెనక్కి లాక్కుంటున్నారని. ఎం5 అంటే నొప్పి పుట్టిన చోటికే చెయ్యి తెస్తున్నారని. ఎం6 అంటే చెప్పిన పని చేస్తున్నారని. 4 నుంచి 5కి రావడం మాకు పండగలా ఉండేది.

ఇంకో ముఖ్యమైన సంగతి, కారణం. మీవాళ్లది యాక్సిడెంట్ దెబ్బ. గుండె ఆగి మెదడుకి ఆక్సిజన్ అందక వచ్చిన కోమాతో దీన్ని పోల్చకండి. వార్డులో పక్క బెడ్ వాళ్లు "మావాడిది అంతే, ఏమీ జరగలేదు" అంటారు. వాళ్లది ఏ కేసో కనుక్కోండి. దెబ్బ తగిలినవాళ్లకి అవకాశం ఎక్కువ, సమయమూ ఎక్కువ పడుతుంది. 2018లో అమెరికన్ న్యూరాలజిస్టుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాల్లో మొదటి 28 రోజుల్లో "ఎవరికైనా ఇంతే, బాగుపడరు" అన్నట్టు కుటుంబానికి చెప్పొద్దని ఉంది. వెజిటేటివ్ స్టేట్‌కి "పర్మనెంట్" (శాశ్వతం) అనే మాట తీసేసి "క్రానిక్" (దీర్ఘకాలికం) అనమన్నారు. అది కూడా దెబ్బ కేసుల్లో 12 నెలలు, ఇతర కారణాలైతే 3 నెలలు దాటాకే.

2021లో జామా న్యూరాలజీ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. దెబ్బ తగిలిన రెండు వారాలకి మీ బావగారిలాగే వెజిటేటివ్ స్టేట్‌లో ఉన్నవాళ్లలో ఏడాది తిరిగేసరికి సుమారు నూటికి 78 మందికి స్పృహ వచ్చింది. ఈ అంకె పెద్దవాళ్లకి చూపించండి. కానీ రెండో సగం దాచకండి. తానెవరో, ఎక్కడున్నాడో, ఇవాళ ఏ రోజో సరిగ్గా చెప్పగలిగే స్థాయికి వచ్చింది నలుగురిలో ఒకరే. స్పృహ రావడం వేరు, పాత మనిషి తిరిగి రావడం వేరు.

ఇప్పుడు అసలు విషయం. "వెజిటేటివ్" అన్నారే, అది సరిగ్గా పరీక్ష చేసి అన్నదేనా? 2009లో బెల్జియంలో ఇలాంటి పేరు పెట్టిన 44 మందిని స్పృహని వివరంగా పరీక్షించే సీఆర్ఎస్-ఆర్ అనే పద్ధతిలో మళ్లీ చూస్తే 18 మందిలో కొద్దిపాటి తెలివి కనబడింది. రౌండ్‌లో రెండు నిమిషాలు నిలబడి "కళ్లు మూయి, చెయ్యి ఎత్తు" అంటే అది దొరకదు. ఈ పేషెంట్లకి పొద్దున ఉన్నది సాయంత్రం ఉండదు. అందుకే రెండు వారాల్లో కనీసం ఐదుసార్లు చూడాలని తర్వాతి పరిశోధనలు చెప్పాయి.

మా తమ్ముడికి అది పట్టుకున్నది ఒక ఫిజియో అమ్మాయి. మంచం తల వైపు ఎత్తి, దిండ్లు పెట్టి కూర్చోబెట్టింది. ఫ్యాన్ ఆపించింది, మమ్మల్ని మాట్లాడొద్దంది. చిన్న చేతి అద్దం వాడి మొహానికి ఎదురుగా పట్టుకుని మెల్లగా కుడివైపు జరిపింది. వాడి కళ్లు ఒక్క క్షణం ఆగి అద్దం వెంట వెళ్లాయి. మధ్యకి తెచ్చి ఎడమవైపు జరిపింది, మళ్లీ వెళ్లాయి. అంతకుముందు పెన్ను, టార్చి, సెల్‌ఫోన్ తిప్పితే ఏమీ లేదు. అద్దమే ఎందుకు అంటే, మనిషి తన మొహాన్ని తను చూసుకోవడం మిగతా వస్తువులకన్నా తొందరగా కళ్లని లాగుతుందట. సీఆర్ఎస్-ఆర్ పరీక్షలో అద్దం వాడమనే ఉంటుంది. మర్నాడు డ్యూటీ డాక్టరు చూసేసరికి మళ్లీ ఏమీ లేదు. రెండు రోజులాగి మళ్లీ కనబడింది. కళ్లతో వెంబడించడం "మినిమల్లీ కాన్షస్" (కొద్దిపాటి స్పృహ ఉన్న స్థితి) వైపు మొదటి గుర్తుల్లో ఒకటి, దాన్నుంచి ముందుకెళ్లే అవకాశం వెజిటేటివ్ కన్నా బాగుంటుంది.

మీరూ గమనించండి, కానీ ఒక జాగ్రత్త. అరచేతిలో వేలు పెడితే గట్టిగా పట్టుకోవడం రిఫ్లెక్స్, పసిపిల్లల్లో ఉండేదే. ఆవలించడం, పళ్లు కొరకడం, కన్నీళ్లు కారడం, ఉన్నట్టుండి నవ్వినట్టు మొహం పెట్టడం, ఇవన్నీ స్పృహ లేకుండానే జరుగుతాయి. మా అమ్మ "నా చెయ్యి వదల్లేదే" అని ఏడ్చేది. ఆమెకి ఇది చెప్పడం చాలా కష్టమైంది. పట్టుకోవడం కాదు, "వదులు బావా" అంటే వదులుతున్నారా చూడండి. వదిలితే వెంటనే సంతోషపడిపోకుండా ఆగి మళ్లీ అడగండి, అడగనప్పుడు కూడా అదే చేస్తున్నారేమో చూడండి. ఒక నోట్‌బుక్ పెట్టి టైము, ఎవరున్నారు, ఏం అడిగారు, ఏం చేశారు రాయండి. వీలైతే ఫోన్‌లో వీడియో తీయండి. డాక్టరుగారికి "గుర్తుపట్టారండీ" అనే మాట కన్నా ఆ వీడియో పనికొస్తుంది.

యూట్యూబ్‌లో చూసి "దాగి ఉన్న స్పృహ" గురించి అడుగుతారు, ముందే చెప్తున్నాను. నిజమే. 2006లో కేంబ్రిడ్జ్‌లో ఏడ్రియన్ ఓవెన్ బృందం పలకని ఒక యువతిని మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపే ఎఫ్ఎంఆర్ఐ స్కాన్‌లో పెట్టి టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమంటే, మామూలు మనుషుల్లో పనిచేసే భాగాలే ఆమె మెదడులోనూ పనిచేశాయి. 2024లో పెద్ద అధ్యయనం ఒకటి వచ్చింది. చెప్పిన పని బయటికి చేయలేని 241 మందిలో దాదాపు నాలుగో వంతు మంది లోపల చేస్తున్నారని తేలింది. కానీ అది పరిశోధనా కేంద్రాల పని. దానికోసం అంబులెన్స్ కట్టుకుని ఊళ్లు తిరగొద్దు. దాన్నుంచి మీరు తీసుకోవలసింది ఒకటే: బెడ్ పక్కన నిలబడి "ఇంక బతికీ ఏం లాభం" లాంటి మాటలు ఎవర్నీ అననివ్వకండి. పేరు పెట్టి పిలిచి, ఏం చేయబోతున్నారో చెప్పి ముట్టుకోండి.

డాక్టరుగారిని మాత్రం ఇవి అడగండి. మత్తు మందులు, ఫిట్స్ మందులు ఎంత డోసులో ఉన్నాయి, తగ్గించవచ్చా. బయటికి కనబడని ఫిట్స్ ఉన్నాయేమో ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) తీశారా. తలలో నీరు చేరిందేమో మళ్లీ సీటీ కావాలా. రక్తంలో సోడియం, ఇన్ఫెక్షన్ సంగతేంటి. మా తమ్ముడు మధ్యలో వెనక్కి పోయినప్పుడు కారణం తలలో నీరే, ఆ నీటిని తీసే గొట్టం, షంట్, వేశాక మళ్లీ తేరుకున్నాడు. అమాంటడిన్ అనే మందు గురించీ అడగండి. 2012లో 184 మంది మీద జరిగిన ట్రయల్‌లో, దెబ్బ తగిలిన 4 నుంచి 16 వారాల మధ్య ఇస్తే కోలుకోవడం వేగంగా జరిగిందని చూపించారు. మీవాళ్లు ఆ సమయానికి దగ్గర్లో ఉన్నారు. కిడ్నీ పనితీరు, ఫిట్స్ చరిత్ర చూసి ఆయనే నిర్ణయించాలి. స్టెమ్ సెల్స్ అని లక్షలు అడిగేవాళ్లకి మాత్రం పైసా ఇవ్వకండి, ఆ వైద్యంతో స్పృహ వస్తుందని రుజువు లేదు.

ఇప్పుడు మా తమ్ముడు ఎలా ఉన్నాడని అడుగుతారు. నడుస్తాడు, ఎడమ కాలు ఈడుస్తాడు. పొద్దున తిన్నది మధ్యాహ్నం గుర్తుండదు. చిన్న మాటకే కోపం. పాత ఉద్యోగం చేయలేడు. కానీ అమ్మని అమ్మా అంటాడు, నాతో కేరమ్స్ ఆడతాడు. అప్పట్లో వాడి వార్డులోనే ఉన్న, వాడికన్నా తక్కువ దెబ్బనుకున్న కుర్రాడు ఇప్పటికీ మంచం మీదే ఉన్నాడు. అందుకే ఎవరి కథా మీకు జవాబు కాదు, మాది కూడా.

ఇంటికి తీసుకెళ్లడం గురించి. జ్వరాలు తగ్గి, ఆక్సిజన్ లేకుండా నిలదొక్కుకుంటే ఇల్లు తప్పేమీ కాదు. డబ్బులు ఎవరికీ చెట్లకి కాయవు, నాకు తెలుసు. ఆరోగ్యశ్రీలో (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) ఏది వస్తుందో కౌంటర్లో అడగండి. విశాఖలోని ప్రభుత్వాసుపత్రులు కేజీహెచ్, విమ్స్ రెండింట్లోనూ కనుక్కోండి. కానీ "వదిలేసి తీసుకెళ్లడం" వేరు, "చూసుకోవడానికి తీసుకెళ్లడం" వేరు అని మీ పెద్దవాళ్లతో తేల్చుకోండి. రెండోదైతే వెళ్లేముందు మీ అక్కగారూ మీరూ నర్సు దగ్గర నిలబడి గొంతు గొట్టంలో కఫం లాగే సక్షన్ చేయడం, ట్యూబులో ఆహారం ఎక్కించడం, రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం చేతులతో చేసి నేర్చుకోండి. మడమలు, నడుము కింద రోజూ చూడండి, పుండు పడితే అక్కడితో అన్నీ ఆగిపోతాయి. డిశ్చార్జ్ సమ్మరీలో ఆ రోజు జీసీఎస్ విడివిడిగా రాయించుకోండి, 3 నెలలకి, 6 నెలలకి, ఏడాదికి మళ్లీ చూపించే తేదీలు కూడా అందులోనే రాయించుకోండి.