రంగు చెక్క పెన్నుల మీద మనసుపడ్డ అబ్బాయి

ప్రశ్న: మా అబ్బాయి బీకాం రెండో సంవత్సరం. ఇంట్లో చిన్న లేత్ (చెక్కను గుండ్రంగా తిప్పుతూ చెక్కే యంత్రం) పెట్టుకుని రంగురంగుల చెక్కతో పెన్నులు చేస్తున్నాడు. చదువు మానేసి ఇదే చేస్తానంటున్నాడు. వాళ్ల నాన్నగారికి ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: డిగ్రీ మాన్పించకండమ్మా. లేత్ కూడా మాన్పించకండి.

మీవాడు ఎంచుకున్నది తేలికైన పనేం కాదు. రంగు పట్టించిన పలచటి చెక్క పొరలను జిగురుతో అంటించి, గట్టిగా బిగించి తయారుచేసిన దిమ్మె ఆ రంగు చెక్క. దానికి నిలువునా రంధ్రం వేసేటప్పుడు తొందరపడితే వేడెక్కి పొరలు విడిపోతాయి, లేదా చివర చిట్లుతుంది. మాటిమాటికీ డ్రిల్ వెనక్కి తీసి పొట్టు దులపాల్సిందే. ఆ తర్వాత లోపల ఇత్తడి గొట్టం అంటించి, లేత్ మీద ఉలితో చెక్కి, పాలిష్ పట్టాలి. వాడు చేసిన పెన్ను ఒకటి తీసుకుని, చెక్కా లోహపు రింగూ కలిసేచోట గోరుతో రాసి చూడండి. ఎక్కడా తట్టకుండా జారితే చేతిలో పనితనం ఉన్నట్టే. అలాంటివి వరసగా పది చేయగలడా అన్నదే అసలు పరీక్ష.

ఇక సంపాదన. పెన్నులొక్కటే నమ్ముకోమని నేను చెప్పను. కిట్ (పెన్నుకు కావాల్సిన లోహపు భాగాలు), చెక్క, జిగురు, కరెంటు, వాడు పెట్టిన గంటలు అన్నీ పుస్తకంలో రాయించండి. పిల్లలు తమ గంటలకు విలువ కట్టరు, స్నేహితులు కొంటే అదే గిరాకీ అనుకుంటారు. ముక్కూమొహం తెలియనివాళ్లు కొనాలి. బీకాంలో చెప్పే కాస్టింగ్ (తయారీ ఖర్చు లెక్కకట్టడం) సరిగ్గా ఇక్కడే అక్కరకొస్తుంది. చేత్తో చేసిన పెన్నుకు ఆదరణ లేదని మాత్రం అనుకోకండి, రాజమండ్రి రత్నం పెన్నులు 1930ల నుంచీ నడుస్తున్నాయి. కాకపోతే అవి చెక్కవి కాదు, ఎబొనైట్ అనే గట్టి రబ్బరువి.

వాడికి నిజంగా అన్నం పెట్టగలిగేది లేత్ మీద కుదిరిన చెయ్యి. అదే చేత్తో గిన్నెలు, దీపస్తంభాలు, ఫర్నిచర్ కాళ్లు చేయొచ్చు. ఏటికొప్పాక వెళ్లి, అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేసేవాళ్ల పక్కన కొన్నాళ్లు కూర్చోమనండి. హైదరాబాద్ రాయదుర్గంలో ఉన్న టీ-వర్క్స్ అనే నమూనాల తయారీ కేంద్రంలో చెక్క పనికి మంచి యంత్రాలున్నాయి. బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీలో చెక్క పనిలో స్వల్పకాలిక శిక్షణ ఇస్తారు, సెలవుల్లో పంపొచ్చు. ఐటీఐలో టర్నర్ ట్రేడ్ (లేత్ పని కోర్సు) గురించి ఎవరైనా చెబితే, అది ప్రధానంగా లోహపు పని అని గుర్తుంచుకోండి.

ఇంకొకటి, ఇది ఈరోజే చేయండి. ఆ పొట్టులో చెక్కతోపాటు రంగు, జిగురు కూడా ఉంటాయి. మూతికి రుమాలు కడితే చాలదు. మంచి ఎన్95 మాస్కు, కళ్లద్దాలు కొనివ్వండి. లేత్‌ను పడగ్గదిలోంచి తీసి బాల్కనీలో పెట్టించండి.