సమాధానం: డాక్సీసైక్లిన్ క్యాప్సూలు 115 శాతం చూపిస్తోందా?

తమ్ముడూ, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందు ఎంతుందో కార్బన్ డాట్స్ (వెలిగే అతిచిన్న కార్బన్ రేణువులు) వెలుగు తగ్గుదలతో కొలుస్తున్నావు. ఆ డాట్స్‌ని కొబ్బరినీళ్లతో చేశానన్నావు చూడు, కోనసీమ కుర్రాడివని అక్కడే తెలిసిపోయింది. 100 మి.గ్రా. క్యాప్సూలు మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ 115 దగ్గరే వచ్చిందన్నావు. పాపం, డాట్స్‌ని తిట్టకు. తప్పు వాటిదే అయితే చాలామట్టుకు ఓసారి 90, ఓసారి 130 వచ్చుండేది.

స్టాండర్డ్ (పోల్చుకోడానికి వాడే స్వచ్ఛమైన మందు) సీసా మీద పేరు మళ్లీ చదువు. చాలామట్టుకు డాక్సీసైక్లిన్ హైక్లేట్ అని ఉంటుంది, అంటే ఆ మందు లవణ రూపం. దాని అణుభారం సుమారు 513, ఉత్త డాక్సీసైక్లిన్‌ది 444. 115 మి.గ్రా. హైక్లేట్ తూస్తేగానీ అందులో 100 మి.గ్రా. డాక్సీసైక్లిన్ ఉండదు. క్యాప్సూల్ అట్ట మీద రాసేది ఆ 100 గురించే. నీ ఫలితాన్ని 0.866తో (444ని 513తో భాగిస్తే వచ్చేది) గుణించి చూడు.

మందు గాఢత పెరిగేకొద్దీ నీ వెలుగు తగ్గుదల గ్రాఫులో గీత పైకి వంగడం వేరే సంగతి. డాక్సీ కూడా 360 నానోమీటర్ల చుట్టుపక్కల కాంతిని మింగుతుంది, నువ్వు డాట్స్‌ని వెలిగించేదీ దాంతోనే. కొబ్బరిచెట్ల కింద అరటికి ఎండ తగ్గినట్టు, డాట్స్‌కి చేరే వెలుగే తగ్గిపోతోంది. దీన్ని థీసిస్‌లో క్వెంచింగ్ (మందు వల్ల డాట్స్ వెలుగే ఆరిపోవడం) అని రాసెయ్యకు, వైవాలో దొరికిపోతావు. 360 (డాట్స్‌ని వెలిగించే కాంతి), 440 (డాట్స్ నుంచి వచ్చే కాంతి) నానోమీటర్ల దగ్గర అబ్జార్బెన్స్ (ద్రావణం కాంతిని ఎంత మింగుతోందో) తీసి, రెండూ కూడి సగం చెయ్యి; 10ని ఆ ఘాతానికి పెంచి ఫ్లోరసెన్స్‌ని గుణించు. అప్పుడు తగ్గుదలే మాయమైతే అది ఇన్నర్ ఫిల్టర్ ప్రభావమే, అంటే మందే కాంతిని అడ్డుకోవడం.

క్యాప్సూల్ ద్రావణాన్ని 0.45 మైక్రాన్ ఫిల్టర్లో వడగట్టు. ఫ్లాస్కుకి రేకు చుట్టు, డాక్సీకి వెలుతురు పడదు. కొబ్బరికాయ మారితే డాట్సూ మారతాయి కాబట్టి స్టాండర్డ్‌తో గీత గీసే కాలిబ్రేషన్‌కీ శాంపిల్‌కీ ఒకే బ్యాచ్ వాడు.