హీలియం దేనితోనూ ‘కలవదా’?

సందేహం: మేం చెన్నై పెరంబూరులో ఉంటాం. మా అబ్బాయికి ఇంట్లో సైన్సు తెలుగులో చెబుతుంటాను. ‘హీలియం జడవాయువు, దేనితోనూ కలవదు’ అని రాయించాను. తెలుగు పుస్తకాల్లో ఒకచోట జడవాయువు, ఇంకోచోట ఉత్కృష్ట వాయువు అని ఉంది. పక్కింటి పిల్లలు తమిళంలో ‘మంద వాయు’ అంటున్నారు. ఏది వాడమంటారు? నా వాక్యం సరైనదేనా?

సమాధానం: అమ్మా, పేరు సంగతి తర్వాత చూద్దాం. ముందు సరిచేయాల్సింది మీ వాక్యంలోని క్రియ. హీలియం కలుస్తుంది. గాలిలో కలుస్తుంది, ఆక్సిజన్‌తో కలుస్తుంది. సముద్రంలో బాగా లోతుకు దిగే డైవర్లు పీల్చే మిశ్రమాల్లో హీలియం ఉంటుంది. ఆ లోతులో నైట్రోజన్ మత్తు కలిగిస్తుంది కాబట్టి దాని బదులు హీలియం కలుపుతారు. ఎంత కలిసినా హీలియం మాత్రం హీలియంగానే ఉంటుంది. దానికున్న రెండు ఎలక్ట్రాన్లతోనే కక్ష్య నిండిపోయింది. ఇంకొకరికి ఇవ్వాల్సిందీ లేదు, పుచ్చుకోవాల్సిందీ లేదు. అందుకని ‘సంయోగం చెందదు’ అని రాయించండి. మరీ బరువుగా ఉందనుకుంటే ‘దేనితోనూ చర్య జరపదు’ అన్నా చాలు. మనకు పాలలో చక్కెర కలిసినా, కృష్ణ సముద్రంలో కలిసినా, దారిలో స్నేహితులు కలిసినా అన్నీ కలవడమే. ఇంత విశాలమైన క్రియ మీద రసాయనశాస్త్రం భారం వేయకూడదు.

ఇక ‘జడ’. పిల్లలు దీన్ని భౌతికశాస్త్రంలోని జడత్వంతో ముడిపెట్టి, హీలియం కదలకుండా పడి ఉంటుందనుకుంటారు. నిజానికి ఒకే ఉష్ణోగ్రత దగ్గర బరువైన అణువుల కంటే తేలికైనవే వేగంగా తిరుగుతాయి. పుట్టినరోజు రాత్రి సీలింగుకు అంటుకున్న హీలియం బెలూన్ తెల్లారేసరికి నేల మీద ఉంటుంది చూడండి. ముడి ఊడదు, చిల్లు పడదు. ఆ చిన్న పరమాణువులు రబ్బరులోంచే బయటికి పోతాయి. దీన్ని ద్రవంగా మార్చాలంటే మామూలు పీడనం దగ్గర సుమారు -269 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరచాలి. కాబట్టి ఈ జడత రసాయన చర్యకు సంబంధించినదే, కదలికకు కాదు.

ఆ అర్థంలోనూ హీలియం, నియాన్, జినాన్ లాంటి ఈ వాయువుల కుటుంబమంతా జడం కాదు. 1962లో కెనడాలో నీల్ బార్ట్‌లెట్ అనే రసాయన శాస్త్రవేత్త జినాన్‌తో ప్లాటినం, ఫ్లోరిన్‌లున్న సమ్మేళనాన్ని తయారుచేశాడు. అందుకే మొత్తం కుటుంబానికి ‘ఉత్కృష్ట వాయువులు’ అనడమే నాకు సమ్మతం. హీలియం, నియాన్‌లను విడిగా చెప్పేటప్పుడు ‘జడవాయువు’ అనవచ్చు, తప్పు లేదు.

తమిళంలో ‘మంద’ చక్కగా అతికింది. మనకూ మందగమనం, మందబుద్ధి ఉన్నాయి గానీ, విడిగా ‘మంద’ అంటే ముందు గొర్రెలే గుర్తొస్తాయి. ఇంట్లో తెలుగు చెప్పేటప్పుడు అది వద్దు. ఉత్కృష్టం నోరు తిరగడం లేదని కొందరు ‘ఆదర్శ వాయువు’ అంటున్నారు. అది అసలే కుదరదు. ఆదర్శ వాయువు అంటే పీడనం, ఘనపరిమాణం, ఉష్ణోగ్రతల లెక్కల కోసం ఊహించుకున్న వాయువు, అది ఏ సిలిండర్‌లోనూ దొరకదు.