సిగ్నల్ పోయింది అనే ముందు

చి. సందీప్‌కు,

పెదనాన్న ఆశీస్సులు. నీ మెసేజ్ చూశాను. "సిగ్నల్ పోయింది పెదనాన్నా, విమానం దానంతటదే పడిపోయింది" అని రాశావు. పోతే పోయిందిలే, రిమోట్‌తో ఎగరేసే ఫోమ్ విమానమే కదా, అతికించుకోవచ్చు. కానీ కారణం తేలేదాకా దాన్ని మళ్లీ ఎగరెయ్యొద్దు. సిగ్నల్ మీదికి నెట్టేస్తే వెతికే పని తప్పుతుంది కాబట్టి అందరూ ఆ మాటే అంటారు.

పాత 72 మెగాహెర్ట్జ్ రేడియో సెట్ల రోజుల్లో అయితే నేనూ నమ్మేవాణ్ణి. గ్రౌండ్‌లో ఇంకొకడు అదే చానెల్ క్రిస్టల్ (ఫ్రీక్వెన్సీని ఖాయం చేసే ముక్క) ఉన్న ట్రాన్స్‌మిటర్ (చేతిలోని రిమోట్) ఆన్ చేస్తే చాలు, నీ విమానం నేల మీదికొచ్చేది. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ సెట్లలో విమానంలోని రిసీవర్ తనతో బైండ్ అయిన (ముందే జతపరిచిన) ట్రాన్స్‌మిటర్ మాటే వింటుంది, ఎక్కువ సెట్లు ఫ్రీక్వెన్సీ మారుస్తూ పోతాయి. కాబట్టి ముందు మన పనితనాన్నే అనుమానించాలి.

నువ్వు రాసినదాంట్లో నాకు పట్టిచ్చిన సంగతులు ఇవీ. మలుపులో ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలక) గట్టిగా లాగినప్పుడే జరిగింది. రెండు మూడు సెకన్లు మోటారూ పలకలేదు, సర్వోలూ (ఆ పలకల్ని కదిలించే చిన్న మోటార్లు) పలకలేదు. నేల తగిలేలోపు మళ్లీ పలికాయి. అంతకుముందే 3ఎస్ బ్యాటరీ (మూడు సెల్స్‌ది) తీసి 4ఎస్ (నాలుగు సెల్స్‌ది) పెట్టావు, సర్వోలు మార్చి మెటల్ గేర్ డిజిటల్‌వి వేశావు. (ప్రొపెల్లర్ చిన్నది వేశావో లేదో చెప్పనేలేదు. వెయ్యకపోతే మోటారు కూడా కాలిపోవచ్చు.) నా అనుమానం కరెంటు మీదే.

ఈఎస్‌సీలో (మోటారు వేగాన్ని అదుపుచేసే సర్క్యూట్‌లో) ఉండే బీఈసీ బ్యాటరీ వోల్టేజీని 5 వోల్టులకు తగ్గించి రిసీవర్‌కూ సర్వోలకూ ఇస్తుంది. చవక ఈఎస్‌సీల్లో ఇది ఎక్కువగా లీనియర్ రకం, తగ్గించిన వోల్టేజీనంతా వేడి కింద తగలేస్తుంది. నిండా చార్జ్ అయిన 3ఎస్ 12.6 వోల్టులు, 4ఎస్ 16.8. సర్వోలు ఒక ఆంపియర్ లాగితే మొదటిదాంతో పుట్టే వేడి 7.6 వాట్లు, రెండోదాంతో 11.8. దాని మీద నీ కొత్త సర్వోలు పాతవాటికంటే ఎక్కువ లాగుతాయి. మలుపులో అన్నీ ఒక్కసారి బలం పెట్టేసరికి వోల్టేజీ కుంగుతుంది. చాలా రిసీవర్లలో అది 3.5 వోల్టుల దరిదాపుల్లోకి పడిపోతే రిసీవర్ ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది. బ్రౌనౌట్ అంటే ఇదే. పైనున్న విమానానికి ఆ రెండు సెకన్లు చాలు. స్పెక్ట్రమ్ కంపెనీ రిసీవర్లు కొన్నిటిలో ఇలా జరిగాక లైటు ఆగి ఆగి వెలుగుతుంది. నీది ఆ రకమైతే బ్యాటరీ తియ్యకముందే చూసి ఉండాల్సింది.

అనుమానం తీర్చుకోవడం తేలికే. ప్రొపెల్లర్ తీసెయ్. రిసీవర్‌లో ఖాళీ పోర్టుకి మల్టీమీటర్ పెట్టి స్టిక్స్ రెండూ గబగబా తిప్పు, ఇంకెవరైనా ఎలివేటర్‌నీ, ఐలరాన్లనీ (రెక్కల వెనక అంచున కదిలే పలకల్ని) వేలితో కొంచెం అడ్డుకోవాలి. 4.8 వోల్టుల కిందికి దిగితే నాకు నచ్చదు. మామూలు మీటరు క్షణకాలం పడేది పట్టుకోలేదు, అందుకే కొంచెం ఎక్కువ అనుమానంతోనే చూడు. 5 ఆంపియర్ల స్విచింగ్ యూబీఈసీ (వేడి తక్కువ పుట్టించే విడి బీఈసీ) కొని పెట్టు. అది పెట్టినప్పుడు ఈఎస్‌సీ నుంచి రిసీవర్‌కు వచ్చే వైర్లలో ఎర్రదాన్ని ప్లగ్‌లోంచి తీసి టేపు చుట్టడం మర్చిపోవద్దు.

ఇక యాంటెన్నాలు. తీగ మొత్తం యాంటెన్నా అనుకుంటారు పిల్లలు. చివరన లోహపు తొడుగు లేకుండా సన్నగా ఉండే 31 మిల్లీమీటర్ల ముక్కే అసలు యాంటెన్నా, మిగతాది అది పట్టిన సిగ్నల్‌ని రిసీవర్ దాకా తీసుకెళ్లే కోయాక్స్ తీగ. ఆ ముక్కని బ్యాటరీ పక్కనా, కార్బన్ రాడ్ పక్కనా పడుకోబెడితే అడ్డు పడుతుంది. రెండు ఉంటే ఒకదానికొకటి 90 డిగ్రీల్లో పెట్టు. అలాగే చేతిలోని ట్రాన్స్‌మిటర్ యాంటెన్నా కొసను విమానం వైపు సూటిగా చూపించకు. ఆ దిక్కులోనే సిగ్నల్ బలహీనం.

రేంజ్ చెక్ (సిగ్నల్ ఎంత దూరం అందుతుందో చూసే పరీక్ష) చేశానన్నావు, మోటారు ఆఫ్‌లో ఉండగా చేసినట్టున్నావు. అది సగం పనే. విమానాన్ని ఒకరు గట్టిగా పట్టుకోవాలి, ప్రొపెల్లర్ వెనక నిలబడి. ట్రాన్స్‌మిటర్‌ని రేంజ్ చెక్ మోడ్‌లో (సిగ్నల్ బలం తగ్గించే మోడ్‌లో) పెట్టి ముప్పై అంగలు దూరం నడు. మోటారు తిరుగుతుండగా కూడా సర్వోలు తడబడకూడదు.

ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే రిసీవర్ ఏం చెయ్యాలో ముందే పెట్టే ఏర్పాటు) గురించి మాత్రం నేను గట్టిగా చెబుతాను. సిగ్నల్ తెగితే థ్రాటిల్ (మోటారు వేగం) సున్నాకి రావాలి. చివరి ఆజ్ఞని అలాగే పట్టుకుని కూర్చునే రిసీవర్ మోటారు తిరుగుతూనే విమానాన్ని రోడ్డు మీదికీ, బడి మీదికీ తీసుకుపోతుంది. ప్రొపెల్లర్ తీసి, థ్రాటిల్ సగం పెట్టి, ట్రాన్స్‌మిటర్ ఆఫ్ చెయ్. మోటారు ఆగకపోతే ఆ విమానం గ్రౌండ్‌కి రాకూడదు. మళ్లీ బైండ్ చేసిన ప్రతిసారీ ఈ పరీక్ష చెయ్.

ట్రాన్స్‌మిటర్‌లో సరైన మోడల్ ఉందా, బరువు కేంద్రం రెక్క వెడల్పులో ముందు నుంచి నాలుగో వంతుకీ మూడో వంతుకీ మధ్య ఉందా, హింజ్‌లు లాగితే ఊడివస్తున్నాయా, ఇవన్నీ నీకు తెలిసినవే. ఐలరాన్ల దిక్కు మాత్రం విమానం వెనక నిలబడి చూడు. స్టిక్ కుడికి తోస్తే కుడి ఐలరాన్ పైకి లేవాలి. "కదిలింది" అని సంతోషపడి ఎగరేసేవాళ్లు ఎక్కువ.

రేడియో బాగున్నా కంటికి అందక పోయే విమానాలు బోలెడు. దూరం పోతే అది వస్తోందో పోతోందో తెలియదు. రెక్క కింద ముదురు రంగు పట్టీలు వెయ్యి, సూర్యుడి వైపు ఎగరెయ్యకు. నీ వైపు వస్తూ ఒక పక్కకి వాలితే, నీ కంటికి ఏ పక్క రెక్క కిందికి కనిపిస్తుందో స్టిక్‌ని ఆ పక్కకే తొయ్యి.

నిజంగానే పలకడం మానేస్తే? ముందు థ్రాటిల్ కిందికి. స్టిక్స్ మధ్యలోకి. "పైన చూసుకోండి" అని గట్టిగా అరువు, సిగ్గుపడకు. ట్రాన్స్‌మిటర్ పైకెత్తి, యాంటెన్నా అడ్డంగా తిప్పి, రెండడుగులు ముందుకెయ్. ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఉన్న అవకాశమూ పోతుంది. కంట్రోల్ తిరిగొస్తే ఇంకో రౌండు వద్దు, అదే మలుపులో దించెయ్. పడిపోతే దాని వెనక ఉన్న తాటిచెట్టో కరెంటు స్తంభమో గుర్తుపెట్టుకుని చూపు తిప్పకుండా నడు. దెబ్బతిన్న లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని వెంటనే కార్లో వేసుకోకు, బయట మట్టి మీద పెట్టి కాసేపు గమనించు.

కొత్త చోటు చూశానన్నావు. ముందు ప్రభుత్వం వారి డిజిటల్ స్కై మ్యాప్‌లో అది గ్రీన్ జోనేనా (అనుమతి అడగకుండా ఎగరెయ్యదగ్గ చోటేనా) చూడు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం గ్రీన్ జోన్‌లో ఎత్తు 400 అడుగుల దాకే, ఎయిర్‌పోర్టుకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 దాకే. సంక్రాంతి రోజుల్లో గాలిపటాల మాంజా ఉంటుంది, ఆ వారం మానుకో.

యూబీఈసీ కొనేముందు ఈఎస్‌సీ లేబులూ, రిసీవర్ పెట్టిన చోటూ రెండు ఫొటోలు తీసి పంపు. ప్రొపెల్లర్ సైజు కూడా రాయి.

ఇట్లు,
మీ పెదనాన్న