పుస్తె కట్టకముందే ఆ అప్పు సంగతి చెప్పు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో నువ్వడిగిన దానికి వెంటనే జవాబు చెప్పలేదు. పక్కన మీ అమ్మ ఉన్నట్టుంది, నీ గొంతు తగ్గిపోతూ వచ్చింది. బత్తాయి తోట ఎండుతుంటే మూడు బోర్లు వేయడానికి మీ నాన్నా నువ్వూ తెచ్చిన నాలుగు లక్షల అప్పు గురించి కల్వకుర్తి అమ్మాయికి పెళ్లికి ముందు చెప్పాలా, తర్వాత చెప్పవచ్చా అన్నావు. ముందే చెప్పు బిడ్డా.

బడి ఉద్యోగం ముగిశాక నల్లగొండలో భార్యాభర్తల తగవులు వినే చోట చాలాకాలం కూర్చున్నాను. వచ్చినవాళ్లెవరూ డబ్బు గొడవ అని చెప్పరు. కూర బాగాలేదని విసురుకున్నాడనో, సద్దుల బతుకమ్మకు పుట్టింటికి పంపలేదనో మొదలుపెడతారు. నేను ఇద్దరికీ చెరో చీటీ ఇచ్చి, ఇంటి మీద ఎంత అప్పుందో విడివిడిగా రాయమనేవాణ్ని. రెండు చీటీల్లో ఒకే అంకె కనిపించడం అరుదు. ఒకావిడ 'ఏమీ లేదు' అని రాసింది. భర్త చీటీలో ఆరు లక్షలు. అదీ ఆమె పుస్తెలతాడు కుదువపెట్టి తెచ్చిన దాన్ని కలపకుండా. మెరుగు పెట్టించడానికి ఇచ్చానని ఆమెతో చెప్పాడట! అప్పు ఉన్నందుకు ఆమె ఏడవలేదు. మెడ బోసిగా ఉందేమని అడిగిన ప్రతివాళ్లకూ ఆ అబద్ధాన్ని తను నమ్మి చెప్పినందుకు ఏడ్చింది.

ఇక నీ లెక్క చూద్దాం. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే చెవికి చిన్నగా వినిపిస్తుంది. నాలుగు లక్షలకు నెలకు 8,000, ఏడాదికి 96,000. కట్టకుండా వదిలేస్తే మూడేళ్లకు వడ్డీయే 2,88,000 అవుతుంది. గడువు తీరుతోందని అప్పిచ్చినాయన ప్రామిసరీ నోటు తిరగరాయమంటాడు. అప్పుడు అసలు 6,88,000 అయి కూర్చుంటుంది, నెల వడ్డీ 13,760 అవుతుంది. కొత్త బత్తాయి మొక్క కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది, వడ్డీకి ఆ ఓపిక ఉండదు. బ్యాంకులో బంగారం మీద అప్పు తీసుకుంటే ఇందులో సగం వడ్డీ కూడా పడదు. మీ అమ్మ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే ఆమె నగలు పెట్టి ముందు ఆ నోటు చింపించు. కొత్త కోడలి నగల జోలికి మాత్రం వెళ్లకు.

కట్నం రాగానే అప్పు తీర్చేద్దామని మీ నాన్న అంటున్నట్టు మీ అమ్మ మాటల్లో తెలిసింది. బావగారంటే నాకు గౌరవమే, అయినా ఈ విషయంలో ఆయన పక్షాన నిలబడను. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం తీసుకోవడమే నేరం. అయిదేళ్లకు తగ్గని జైలు అని రాసి ఉంది. తీసుకున్నదాన్ని కూడా పెళ్లయిన మూడు నెలల్లో అమ్మాయికి అప్పగించాలని అదే చట్టం అంటుంది. చట్టాన్ని పక్కన పెట్టినా, వాళ్ల నాన్న అప్పు చేసి ఇస్తే నీ నోటు చిరిగి ఆయన నోటు పుడుతుంది. అంతేగా? ఆడపిల్ల పెళ్లికి ప్రభుత్వం ఇచ్చే కల్యాణలక్ష్మి చెక్కు పెళ్లికూతురి తల్లి పేరున వస్తుంది. ఆ 1,00,116 రూపాయల మీద కన్నేసిన పెళ్లికొడుకులను చూశాను. నువ్వు అలాంటివాడివి కావనే ఈ ఉత్తరం.

ఎలా చెప్పాలంటావా? ఫోనులో వద్దు. పెద్దవాళ్లను ఒకరిని వెంటబెట్టుకుని కల్వకుర్తి వెళ్లు, వాళ్లింట్లోనే ఆ అమ్మాయితో కాసేపు విడిగా మాట్లాడు. అంకె తగ్గించకు, 'చిన్న అప్పే' అనకు. నోటు నకలు చూపించు, నెలకు ఎంత కడుతున్నావో, ఎప్పటికి తీరుతుందో చెప్పు. ఆమె వద్దంటుందేమో. అంటే అననీ. శుభలేఖలు అచ్చయ్యాక తెలిసేకంటే నయం. తర్వాత ఆమె తరఫు అప్పులు, బాధ్యతలు ఏమిటో కూడా అడుగు, అడగడానికి మొహమాటపడకు. దసరాకు ఎవరింట్లో ఉండాలి, హైదరాబాదులో ఎక్కడ అద్దెకు దిగాలి అన్నవి తర్వాత మీరే తేల్చుకుంటారు. ఫంక్షన్ హాలు మాత్రం చిన్నది చూడు.

ఇదంతా చెప్పే అర్హత నాకు ఉందా అంటే, ఒకప్పుడు లేదు. తోటి ఉపాధ్యాయుడి అప్పుకు జమానతు సంతకం పెట్టి మీ అత్తయ్యకు చెప్పలేదు. అతను కట్టలేదు. నా జీతంలో కోత మొదలైన నెల, తక్కువెందుకు వచ్చిందని ఆమె అడిగితే ఆఫీసులో పొరపాటన్నాను. రెండో నెలా అదే చెప్పాను. మూడో నెల జమానతు సంగతి ఆమెకు పాలవాడి ద్వారా తెలిసింది. ఆ తర్వాత రెండేళ్లు నా జీతం మొత్తం ఆమె చేతిలోనే పెట్టాను, బస్సు చార్జీకి కూడా అడిగి తీసుకున్నాను. ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

ఈ ఆదివారం దేవరకొండ బస్సెక్కి ఇటు రా, ఇద్దరం కలిసి కల్వకుర్తి వెళదాం. నోటు నకలు మరచిపోకు. ఉత్తరం మడిచే ముందు మీ అత్తయ్యకు చదివి వినిపించాను. రెండేళ్లు కాదు, మూడేళ్లని దిద్దమంది.

మీ మామయ్య