గూడు కట్టిన నిఘంటువు

సందేహం: నేను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పుతాను. ఒక పాఠానికి ‘చెట్టు నిర్మాణమును పునరావృత కోడుతో గూడు కట్టిన నిఘంటువుల్లోకి మార్చుట’ అని పేరు పెడితే పిల్లలు నవ్వారు. తప్పెక్కడుంది?

సమాధానం: నవ్వు గూడు దగ్గరే మొదలై ఉంటుంది. మనకు గూడు కట్టేది పిచ్చుక, లేదంటే గుండెల్లో దిగులు. మీరు చెప్పదలచింది ‘నెస్టెడ్’ అని, అంటే ఒక డిక్షనరీ (ఒక్కో ‘కీ’ కింద ఒక్కో విలువను దాచే పైథాన్ అమరిక) కడుపులో ఇంకొకటి ఉండటం. దానికి ‘ఒకదానిలో ఒకటి ఇమిడిన’ చాలు. చెట్టును, అంటే పై నుంచి కిందికి కొమ్మలుగా చీలే సమాచార అమరిక పేరును, మాత్రం ఉంచండి. వేరు పైన, కొమ్మలు కింద ఉన్న చెట్టు మనకు కొత్త కాదు, భగవద్గీత 15వ అధ్యాయంలోని అశ్వత్థం అలాంటిదే.

ఇక ‘లోకి’. డాలర్లను రూపాయల్లోకి మారుస్తాం, కానీ పాలను పెరుగుగా మారుస్తాం, పెరుగులోకి కాదు. చెట్టులోనూ సమాచారం అదే కదా అని మీరు వాదించవచ్చు. అయినా పిల్లల కళ్లకు కనిపించేది రూపం మారడమే. నా ఓటు ‘గా’కే.

అసలు చిక్కు రికర్షన్ కోసం మీరు వాడిన ‘పునరావృత’తో. ఆ మాటకు మళ్లీ మళ్లీ జరగడమని అర్థం. గుడి చుట్టూ పదకొండు ప్రదక్షిణలు పునరావృతం, అది ఒకే పనిని తిరిగి తిరిగి చేయించే లూప్‌కు సరిపోతుంది. మీ ఫంక్షన్, అంటే చెట్టును మార్చే ఆ కోడ్ ముక్క, చేసేది వేరు. జిల్లా, మండలం, ఊరు ఉన్న చెట్టులో దాన్ని గుంటూరు జిల్లా దగ్గర నిలబెడితే, కింద ఉన్న తెనాలి మండలం కోసం తనను తానే పిలుచుకుంటుంది, అక్కడి నుంచి కొలకలూరు కోసం మళ్లీ పిలుచుకుంటుంది. కొలకలూరు కింద ఏమీ లేదు కనుక ఖాళీ డిక్షనరీ తీసుకుని వెనక్కి తిరుగుతుంది. అప్పుడు వచ్చేది:

{'గుంటూరు': {'తెనాలి': {'కొలకలూరు': {}}}}

ఈ పద్ధతి మన ‘అని’లోనే ఉంది. ‘రేపు వస్తానన్నాడని అమ్మ చెప్పిందని తమ్ముడు అన్నాడు.’ అన్నిటికన్నా లోపలి వాక్యం ముందు ముగుస్తుంది, బయటి వాక్యం చివర మూసుకుంటుంది. ఫంక్షన్ కూడా అంతే! పిల్లలకు ముందు ఈ వాక్యం చెప్పి, తర్వాత కోడ్ చూపించండి.

కాబట్టి రికర్షన్‌ను ‘తనను తానే పిలుచుకోవడం’ అని వివరించండి. ‘పిలుచుకోవడం’లోని ఆ ‘కొను’ చేసే పని ఏ సంస్కృత సమాసమూ చేయలేదు. బోర్డు మీద మాత్రం రికర్షన్ అనే రాయండి, పరీక్షలో టెన్షన్ ఉండదు.

నిఘంటువు అనడం తప్పు కాదు. అయితే ‘కీ’ని తాళంచెవి అనకండి. అర్థం చెప్పడానికి ముందు పెట్టే మాటను నిఘంటుకారులు ఆరోపం అంటారు. డిక్షనరీలో కీ చేసే పని అదే.