కంఠతా పట్టిన జవాబు మధ్యలో తెగితే

“ఎంత బాగా చదువుకుని వెళ్లినా ఇంటర్వ్యూ గదిలో కూర్చోగానే గొంతు ఎండిపోయి అన్నీ మరచిపోతున్నాను, ఆత్మవిశ్వాసంతో సిద్ధం కావడం ఎలా?” అని మీరు అడిగారు. నా దృష్టి ‘చదువుకుని వెళ్లినా’ అన్న మాట దగ్గరే ఆగిపోయింది. ఉద్యోగానికి కావలసిన విషయ పరిజ్ఞానం సంగతి వేరు, దాన్ని చదవవలసిందే. కానీ మన గురించి మనం చెప్పుకోవలసిన జవాబులను కూడా పరీక్షకు చదివినట్టు చదవడం పెద్ద పొరపాటు. ఆ పొరపాటును నేను ఎంతో శ్రద్ధగా చేసినదాన్ని.

నా రెండో ఉద్యోగ ప్రయత్నానికి ముందు ఒక నోటు పుస్తకంలో 40 ప్రశ్నలకు జవాబులు రాసుకుని కంఠతా పట్టాను. “మీ గురించి చెప్పండి” అన్న ప్రశ్నకు సరిగ్గా 2 నిమిషాల జవాబు, గడియారం ముందు పెట్టుకుని సాధన చేసినది, నా దగ్గర సిద్ధంగా ఉంది. ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. నేను మొదలుపెట్టి అర నిమిషం కాకముందే మధ్యలో కూర్చున్నాయన చెయ్యి కొద్దిగా ఎత్తి, “నెలవారీ నివేదిక తయారయ్యే సమయాన్ని సగానికి తగ్గించానని రాశారు కదా, సగమని ఎలా లెక్కపెట్టారు?” అని ఎంతో మర్యాదగా అడిగారు. ఆ పని నేను నిజంగా చేసినదే, నాలుగు నెలలు తల బద్దలు కొట్టుకుని చేసినదే. అయినా ఆ ప్రశ్న నా 40 ప్రశ్నలలో లేదు. ఏదో గొణిగి, “అది తర్వాత చెబుతానండీ” అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. చిన్నప్పుడు పద్యం అప్పజెబుతూ మధ్యలో తడబడితే మళ్లీ మొదటి పాదం నుంచి ఎత్తుకునేవాళ్లం చూడండి, అచ్చం అలాగే నా పేరుతో సహా మొదటి నుంచి మొదలుపెట్టాను. ఎవరూ నవ్వలేదు. చివర కూర్చున్నావిడ మాత్రం తల వంచుకుని కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టారు.

మెట్లు దిగుతుండగానే జవాబు మొత్తం గుర్తుకు వచ్చింది. నాలుగు గిడ్డంగుల నుంచి సరుకు లెక్కలు నాలుగు రకాల పట్టికలలో వచ్చేవి, ఒకే వస్తువుకు ఒక్కోచోట ఒక్కో పేరు ఉండేది, వాటిని మళ్లీ టైపు చేసుకోవడానికే రెండు రోజులు పట్టేది. పేర్లన్నింటికీ ఒకే జాబితా తయారు చేసి అందరికీ అదే పట్టిక ఇవ్వడంతో ఆ పని ఒక రోజుకు వచ్చింది. ఆ సాయంత్రం మా అక్కకు ఈ సంగతంతా ఒక్క తడబాటు లేకుండా చెప్పాను. “ఇదే అక్కడ చెప్పి ఉండవచ్చు కదా” అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు.

చదివినప్పుడు కలిగే ధీమా ఎంత మోసకారిదో చూపిన పరిశోధన ఒకటి ఉంది. 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులలో కొందరిచేత ఒక పాఠాన్ని పదేపదే చదివించి, మరికొందరిచేత ఒకసారి చదివించాక చూడకుండా గుర్తు తెచ్చుకుని రాయించారు. 5 నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో పదేపదే చదివినవారే ముందున్నారు, కానీ వారం తర్వాత చూడకుండా రాసినవారు వారిని దాటిపోయారు. తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువగా నమ్మింది మాత్రం పదేపదే చదివినవారే. నా నోటు పుస్తకం నాకు ఇచ్చిన ఆత్మవిశ్వాసం సరిగ్గా అలాంటిదే.

ఆ తర్వాత నోటు పుస్తకాన్ని పక్కన పెట్టి రెజ్యూమెను ముందు వేసుకున్నాను. అందులోని ఒక్కొక్క వాక్యం తీసుకుని, అంతకు ముందు పరిస్థితి ఏమిటి, అందులో నా పని ఎంత, ఏమి మారింది, మారిందని నాకు ఎలా తెలుసు, ఎక్కడ దెబ్బతిన్నాను అని నన్ను నేను అడుగుతూ, రాయకుండా పైకి చెప్పుకున్నాను. పరిస్థితి, బాధ్యత, చేసిన పని, ఫలితం అనే వరుసలో జవాబు చెప్పమనే స్టార్ పద్ధతి అని అందరూ చెప్పేది దాదాపు ఇదే, అయితే ఎక్కడ దెబ్బతిన్నామన్నది అందులో విడిగా ఉండదు. నిజానికి ఇంటర్వ్యూ చేసేవారు తవ్వేది అక్కడే. మా అక్కను ఎదురుగా కూర్చోబెట్టి, ఎప్పుడు పడితే అప్పుడు అడ్డు తగలమన్నాను. మూడు అడ్డు ప్రశ్నలకు నిలబడని వాక్యాన్ని రెజ్యూమె నుంచి తీసేశాను. మొదట పోయింది ‘సమర్థమైన నాయకత్వ లక్షణాలు’.

ఇక చిట్కాలు చెప్పేవారి మీద నాకు కొంత కోపం ఉంది. నడుం మీద చేతులు పెట్టుకుని 2 నిమిషాలు ఠీవిగా నిలబడితే ధైర్యం వస్తుందని ఎవరో చెప్పగా నమ్మి, ఇంటర్వ్యూకు ముందు చేతులు కడుక్కునే గదిలో అలా నిలబడ్డాను, ఎవరో తలుపు తోసుకుని లోపలికి వచ్చారు. ఆ సిద్ధాంతానికి మూలమైన 2010 నాటి పరిశోధన చేసిన ముగ్గురిలో ఒకరైన డేనా కార్నీ, అలా నిలబడటం వల్ల ఆ ప్రభావం కలుగుతుందని తాను ఇక నమ్మడం లేదని 2016లో బహిరంగంగానే ప్రకటించారు. చిట్కా మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

మీ గొంతు ఎండిపోవడం గురించి నిజంగా పనికివచ్చే మాట వేరే ఉంది: మన బెరుకు మనకు తెలిసినంతగా ఎదుటివారికి కనిపించదు. సావిట్‌స్కీ, గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన ప్రయోగంలో ఈ ఒక్క సంగతి ముందుగా తెలుసుకుని ఉపన్యసించినవారి ప్రసంగాలు తెలియనివారి ప్రసంగాల కంటే మెరుగ్గా ఉన్నాయని విన్నవారే చెప్పారు.

అభ్యర్థి ఎదురుగా కూర్చున్నాక రెజ్యూమెను తొలిసారి తెరిచి, నోటికి వచ్చినదేదో అడిగి, “మీ బలహీనత ఏమిటి?” అని ముగించేవారి సంగతి కూడా చెప్పాలి. అందరినీ ఒకే వరుసలో ఒకే ప్రశ్నలు అడిగే ఇంటర్వ్యూలు, ఇలాంటి కాలక్షేపపు సంభాషణల కంటే పనితీరును బాగా అంచనా వేస్తాయని ష్మిట్, హంటర్ అనే పరిశోధకులు 85 ఏళ్ల పరిశోధనలను కూర్చి 1998లోనే చూపించారు. కనుక అటువంటి గదిలో మీరు ఓడిపోతే, ఆ ఓటమిలో సగమైనా వారి ఖాతాలోనే రాయండి.

మరుసటి ఇంటర్వ్యూలో నన్ను ఐదుసార్లు మధ్యలో ఆపారు. ఒక ప్రశ్నకు “ఇది నేను చేయలేదండీ, చేయవలసి వస్తే మొదట పాత లెక్కలు ఎక్కడ తేడా పడుతున్నాయో చూస్తాను” అన్నాను, దాని మీదే పావుగంట మాట్లాడుకున్నాం. చేతులు అప్పటికీ వణుకుతూనే ఉన్నాయి. అందుకే ముందు పెట్టిన మంచినీళ్ల గ్లాసును చివరిదాకా ముట్టుకోలేదు.